జిల్లేడు మొక్క దగ్గర ఆగుదాం, రండి

పిల్లలూ, ఇలా అరుగు మీదికి వచ్చి కూర్చోండి. బడిలో ఫీల్డ్ ట్రిప్ అంటున్నారట కదా! తెల్లారకముందే లేచి, బస్సెక్కి, అంత్యాక్షరి ఆడుకుంటూ ఎక్కడికో వెళ్లి, అక్కడ వరసలో నిలబడి చూసి, ఫొటోలు దిగి, చీకటి పడ్డాక ఇల్లు చేరడంలో సరదా ఉంది, కాదనను. కానీ తాత మాట కూడా ఒకటి వినండి. మీ బడికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఓ పార్కు ఉంటుంది. మీ సైన్సు పుస్తకంలో ఉన్న పాఠాలు చాలావరకు అక్కడ ప్రాణంతో తిరుగుతుంటాయి. వాటిని చూడాలంటే ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు, వీలైతే ఓ భూతద్దం, కాస్తంత ఓపిక ఉంటే చాలు.

హైదరాబాదు పిల్లలకు కేబీఆర్ పార్కు తెలుసు కదా! జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్య 350 ఎకరాలకు పైగా మిగిలిన అడవి అది. 1998లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి గారి పేరు పెట్టారు. నిజాం వంశం వారి చిరాన్ ప్యాలెస్ కూడా ఆ ఆవరణలోనే ఉంది. పొద్దున్నే వెళితే బాట నిండా పెద్దవాళ్లే. చేతులు ఊపుకుంటూ, రౌండ్లు లెక్కపెట్టుకుంటూ గబగబా నడుస్తుంటారు. వాళ్ల ఆరోగ్యానికి అది మంచిదే. మనం మాత్రం అక్కడికి ఆగడానికి వెళ్దాం. విశాఖ పిల్లలకు కంబాలకొండ ఉంది, వనస్థలిపురం పిల్లలకు కృష్ణజింకలు తిరిగే మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఇవేవీ లేని ఊళ్లో కాలనీ పార్కు ఉంటుంది, చెరువుగట్టు ఉంటుంది. ఏదైనా ఫరవాలేదు. ఎంత పెద్ద అడవికి వెళ్లామన్నది కాదు లెక్క, ఎంతసేపు ఒకచోట నిలబడ్డామన్నదే.

సరే, మొట్టమొదట ఎక్కడ ఆగుదాం? పేరుపడ్డ పెద్ద చెట్టు దగ్గర కాదు. గోడ వారన ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా మొలిచిన జిల్లేడు మొక్క దగ్గర. రథసప్తమి నాడు తల మీద జిల్లేడాకులు పెట్టి మీ నానమ్మ స్నానం చేయించలేదూ? వినాయక చవితి పత్రిలోనూ ఇది ఉంటుంది. ఆ ఆకు మీకు కొత్తేమీ కాదు. మందంగా, పైన తెల్లటి నూగుతో ఉంటుంది. తుంచితే పాలు కారతాయి. ఆ పాలు మాత్రం ముట్టుకోవద్దు నాయనా, కంట్లో పడితే చాలా ప్రమాదం. ఆ పాలల్లో గుండె కొట్టుకునే తీరునే తారుమారు చేసే విషం ఉంది. అందుకే ఊళ్లో మేకలు కంచె మీది తీగలన్నీ దూసేసినా దీని జోలికి అంతగా రావు.

ఇప్పుడు మెల్లగా వంగి ఆకు అడుగు భాగం చూడండి. గుండుసూది తలకన్నా చిన్నగా, తెల్లటి గుడ్డు ఒకటి అంటుకుని ఉందేమో వెతకండి. అది ఓ సీతాకోకచిలుక పెట్టిన గుడ్డు. నారింజ రంగు రెక్కలు, వాటి కొసల్లో నలుపు, ఆ నలుపులో తెల్ల మచ్చలు. మన ఇళ్ల చుట్టూ ఎప్పుడూ తిరిగేదే. ఇంగ్లీషు పేరు ప్లెయిన్ టైగర్. ఒక చోట ఒకే గుడ్డు పెట్టి, ఇంకో ఆకు మీదికి వెళ్లి మరొకటి పెడుతుంది. పిల్లలన్నీ ఒకే ఆకు కోసం కొట్టుకోకూడదు కదా! కొద్ది రోజుల్లో గుడ్డులోంచి పురుగు వస్తుంది. వచ్చీ రాగానే తన గుడ్డు పెంకునే తినేస్తుంది. ఆ తర్వాత ఆకు మీద పడుతుంది.

మేక ముట్టని ఆకును ఈ వేలెడు లేని పురుగు ఎలా తింటుందీ అంటారా? అక్కడే ఉంది దాని తెలివి. కాస్త పెద్దయిన పురుగును గమనించండి. తినబోయే ముందు ఆకు ఈనెను కొరికి గాటు పెడుతుంది. పాలు ఆ గాటు దగ్గరే కారిపోతాయి. అవతలి భాగానికి పాలు సరిగా అందవు. అప్పుడు అక్కడ కూర్చుని తీరిగ్గా మేస్తుంది. అయినా కొంత విషం ఒంట్లోకి వెళుతుంది. దాన్ని పారేయదు, దాచుకుంటుంది. పురుగుగా ఉన్నప్పుడు దాచిన ఆ విషం రెక్కలొచ్చాక కూడా దాని ఒంట్లో ఉంటుంది. ఏ పిల్ల పిట్టో తెలియక పట్టుకుంటే, చేదు తగిలి కక్కేస్తుంది. మరోసారి ఆ రంగు కనబడితే ఆమడ దూరం పోతుంది. అందుకే ఈ సీతాకోకచిలుకకు తొందరుండదు. నింపాదిగా, నేలకు దగ్గరగా, అందరికీ కనబడేలా ఎగురుతుంది. ఎవరో తరుముతున్నట్టు పారిపోయే మిగతా సీతాకోకచిలుకలతో పోల్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఆగండి, కథ అయిపోలేదు. అసలు మజా ఇప్పుడే ఉంది. ఆ విషపు సీతాకోకచిలుక రంగులే వేసుకుని తిరిగేది ఇంకొకటి ఉంది. దాని ఒంట్లో ఆ విషం లేదు. ఎందుకంటే అది చిన్నప్పుడు తిన్నది మనం తినే కూరే. గంగవాయిలి కూర! కొందరు పావిలి కూర అంటారు. మామిడికాయ వేసి పప్పులో వండితే ఎంత రుచో! ఆ ఆకు తిని పెరిగిన ఈ రెండో సీతాకోకచిలుకల్లో ఆడది మాత్రమే ఈ వేషం వేస్తుంది. మగది నల్లటి రెక్కల మీద పెద్ద తెల్ల మచ్చలతో పూర్తిగా వేరేగా ఉంటుంది. ఆడది గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటూ నేల దగ్గరే నెమ్మదిగా తిరగాలి. పిట్టల కంట పడే ప్రమాదం దానికే ఎక్కువ. వేషం అవసరమూ దానికే ఎక్కువ. మరి రెండింటినీ విడదీసి పోల్చుకోవడం ఎలా? పిట్టకు చేతకానిది మీకు చేతనవుతుంది. అది పూవు మీద వాలినప్పుడు వెనక రెక్క మీద నల్ల చుక్కలు లెక్కపెట్టండి. మధ్యలో మూడో నాలుగో ఉంటే విషపుది. పైఅంచు దగ్గర ఒకే ఒక చుక్క ఉంటే వేషం వేసినది. ఈ ఒక్క లెక్క తెలిశాక, నారింజ రెక్కలు ఎక్కడ కనబడినా మీరు చూడకుండా ముందుకు వెళ్లలేరు. తెలుసుకోవడంలో ఉన్న సుఖం అదే పిల్లలూ. మునుపు ఒకటిగా కనబడినది రెండుగా కనబడుతుంది.

జిల్లేడు పూవు సంగతి కూడా చూసి పోదాం. నల్లటి పెద్ద తుమ్మెద ఝుమ్మంటూ వస్తుంది. ఎండుకర్రకు తొలిచిన బెజ్జంలో కాపురముండేది అదే. మామూలు పూలలో పుప్పొడి పొడిపొడిగా రాలుతుంది. జిల్లేడులో అలా కాదు. పుప్పొడంతా రెండు చిన్న ముద్దలుగా, నడుమ ఓ కొక్కెంతో జతగా ఉంటుంది. తుమ్మెద తేనె కోసం వాలినప్పుడు ఆ కొక్కెం కాలికి తగులుకుంటుంది. బలమైన తుమ్మెద లాక్కుని వెళ్లిపోతుంది, ఇంకో పూవు మీద వాలినప్పుడు ఆ ముద్ద అక్కడి చీలికలో దిగబడిపోతుంది. తర్వాత కాయ కాసి, ఎండి, పగిలి, పట్టులాంటి దూదితో విత్తనాలు గాలికి ఎగిరిపోతాయి. ఇందాక ఎవరూ నాటకుండా మొలిచిందన్నాను కదా, దాన్ని నాటింది గాలి. చూశారా, ఒక్క మొక్క దగ్గరే ఎంతసేపు గడిచిపోయిందో! ఇంకా పార్కు గేటు దాటనే లేదు మనం.

లోపలికి వెళితే బండలు కనిపిస్తాయి. హైదరాబాదు కూర్చున్నదే ఈ గ్రానైటు మీద. దీని వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. రాక్షసబల్లులు భూమి మీదికి వచ్చి పాతిక కోట్ల ఏళ్లు కూడా కాలేదు. అవి పుట్టేనాటికే ఈ రాయి ముసలిది. దాని మీద చెయ్యి ఆనించి ఓ క్షణం ఆ లెక్క మనసులో వేసుకోండి. ఆ తర్వాత బండ మీద బూడిద రంగులో, లేతాకుపచ్చలో పట్టిన మచ్చలు చూడండి. రంగు పోసినట్టుంటాయి, కానీ అవి బతికున్నాయి. లైకెన్లు అంటారు. మీ అమ్మ బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా ఈ జాతిదే. పోపుల పెట్టెలోంచి ఓ ముక్క తెచ్చి భూతద్దం కింద పెట్టి చూడండి, మసాలా దినుసు అనుకున్నది పాఠమైపోతుంది.

లైకెన్ అంటే ఒక ప్రాణి కాదు, కలిసి కాపురం చేసే రెండు. ఒకటి బూజు జాతిది, ఇంకొకటి నాచు జాతిది. బూజు ఇల్లు కట్టి తేమ పట్టి ఉంచుతుంది. నాచు ఎండను పట్టి వంట చేస్తుంది. మట్టి చిటికెడు కూడా లేని రాతి మీద విడివిడిగా ఇద్దరూ బతకడం కష్టం, కలిస్తే వందేళ్లయినా బతుకుతారు. మీ నీళ్ల సీసాలోంచి ఓ చుక్క ఆ ఎండిన మచ్చ మీద వేయండి. కాసేపట్లో పచ్చదనం తేలుతుంది. ఎండినప్పుడు మసకబారిన పైపొర తడిసి, లోపలి నాచు కనబడుతోందన్నమాట. వాహనాల పొగ దట్టంగా ఉన్నచోట చాలా రకాల లైకెన్లు బతకలేవు. అందుకని మీరు రోడ్డు వైపు బండల మీదా, లోపలి బండల మీదా ఎన్ని రకాల మచ్చలున్నాయో లెక్కవేసి పక్కపక్కన రాసుకోవచ్చు. ఏ యంత్రమూ లేకుండా గాలి సంగతి అడిగి తెలుసుకోవడమే అది.

ఎండ పెరిగింది, కానుగ చెట్టు నీడకు వెళ్దాం. కానుగ నీడ చల్లన అని మన పెద్దలు ఊరికే అనలేదు. బాట మీది రాతిపలక ముట్టుకుని చూడండి, చెట్టు కింది రాతిపలక ముట్టుకుని చూడండి. థర్మామీటరుంటే రెండు చోట్లా కాసేపు ఉంచి అంకెలు రాసుకోండి. చెట్టు ఎండకు అడ్డం పడుతోంది, అది సరే. రేకుల షెడ్డూ అడ్డం పడుతుంది, మరి దాని కింద ఉడికిపోతామేం? ఇంట్లో మట్టికుండ ఉంది కదా! లోపలి నీరు సన్నటి రంధ్రాల్లోంచి పైకి ఊరి, ఆవిరవుతూ కుండ వేడిని తీసుకుపోతుంది, లోపలి నీళ్లు చల్లబడతాయి. చెట్టు చేసేదీ అదే పని. ఆకుల అడుగున కంటికి కనబడని రంధ్రాలు వేలకువేలు ఉంటాయి. వేరు తాగిన నీరు అక్కడిదాకా ఎక్కి ఆవిరవుతుంది, ఆకునూ, చుట్టూ గాలినీ చల్లబరుస్తుంది. నీళ్లు సరిగా అందితే ఓ పెద్ద చెట్టు ఒక్క రోజులో వంద లీటర్లకు పైగానే ఇలా గాలిలోకి వదులుతుంది. నమ్మకం కలగలేదా? మీ బడి ఆవరణలో వేపకొమ్మకు ఓ పారదర్శకమైన పాలిథీన్ కవరు తొడిగి, మూతి దారంతో కట్టి, మధ్యాహ్నం బెల్లు దాకా ఉంచండి. కవరు లోపల నీటిబొట్లు పట్టి ఉంటాయి. జాతీయ ఉద్యానవనంలో మాత్రం ఏ చెట్టుకూ ఏమీ కట్టకూడదు, ఏదీ తెంపకూడదు, ఏదీ ఇంటికి తేకూడదు. రాలిన నెమలీకైనా సరే. చేతిలో ఇటూ అటూ తిప్పి, నీలం ఆకుపచ్చగా మారడం చూసి, బొమ్మ గీసుకుని, అక్కడే వదిలేసి రావాలి.

ఇప్పుడు మీతో పాటు మీ మాస్టార్లకూ, టీచరమ్మలకూ ఒక మాట. చాలామంది టీచర్లు పార్కుకు తీసుకెళ్లడానికి జంకుతారు. ఎందుకంటే పిల్లలు దేన్నో చూపించి ఇదేంటి అంటారు, ఆ పేరు తమకు తెలియదు. తెలియకపోతే ఏమండీ? బొంబాయిలో ఓ పిల్లవాడుండేవాడు. 1896లో పుట్టాడు. చిన్నతనంలో బొమ్మ తుపాకితో ఓ పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకుని చూస్తే గొంతు మీద పసుపు మచ్చ! మామూలు పిచ్చుకకు అలా ఉండదే అని మేనమామకు చూపించాడు. ఆ మేనమామకూ తెలియదు. తెలియదు పో అని కసరలేదు ఆయన. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీలో మిల్లర్డ్ అనే ఆయనకు ఉత్తరం రాసి పిల్లవాణ్ని పంపించాడు. ఆ మిల్లర్డ్ గారు పిట్టను చూసి పేరు చెప్పి ఊరుకోలేదు. బీరువాల సొరుగులు ఒక్కొక్కటే లాగి, దాచిపెట్టిన రకరకాల పక్షుల్ని ఆ పిల్లవాడికి చూపించారు. ఆ పిల్లవాడే సలీం అలీ. మన దేశపు పక్షుల గురించి ఆయనంత పని చేసినవారు అరుదు. 1931లో ఆయన మన హైదరాబాదు సంస్థానానికే వచ్చి, ఊరూరా తిరిగి ఇక్కడి పక్షుల వివరాలు సేకరించారు. అంత పెద్ద జీవితానికి మొదలు ఒక పసుపు మచ్చ, దాన్ని చూసి అడిగిన ప్రశ్న, నాకు తెలియదు గానీ తెలిసిన వారి దగ్గరికి పంపుతానన్న ఒక పెద్దాయన. ఆ మేనమామ చేసిన పాటి పని ప్రతి టీచరూ చేయగలరు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెబుతాను. పార్కుకు ఒక్కసారి వెళ్తే సరిపోదు. కిందటి నెల వెళ్లాంగా, మళ్లీ ఎందుకూ అనకండి. కిందటి నెల పార్కు వేరు, ఈ నెల పార్కు వేరు. మాఘఫాల్గుణాల్లో మోదుగ ఆకులన్నీ రాల్చుకుని ఎర్రగా పూస్తుంది. ఉగాదికి వేప పూత. ఎండలు ముదిరాక రేల చెట్టు పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. తొలకరి పడి నేల మెత్తబడగానే ఎర్రటి మఖమల్ ఒంటితో ఆరుద్ర పురుగు పైకొస్తుంది. దాన్ని చూస్తే రైతుకు ఆరుద్ర కార్తె పనులు గుర్తొస్తాయి. మీరు దాని కాళ్లు లెక్కపెట్టండి. ఎనిమిది! అంటే అది కీటకం కాదు, సాలీడుకు చుట్టం. వానలు వెళ్లేసరికి తంగేడు పూలతో బతుకమ్మ వస్తుంది. నెమలి మగవాటి పొడుగాటి ఈకలు ఆ సరికి రాలిపోయి, కొత్తవి మొలుస్తుంటాయి. ఏడాదిలో ఒకే ఒక్క రోజు వెళ్లినవాడికి ఇందులో ఒక్క పుట మాత్రమే దొరుకుతుంది.

అందుకని ప్రతి ఒక్కరూ ఒక చెట్టును ఎంచుకోండి. మన దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది. చాలా బడుల పిల్లలు అందులో ఉన్నారు. వాళ్లు చేసేది చాలా తేలికైన పని. వారానికోసారి అదే చెట్టు దగ్గరికి వెళ్లి, లేతాకులు, ముదురాకులు, మొగ్గలు, పూలు, కాయలు, పండ్లు ఉన్నాయా లేదా, ఉంటే కొద్దిగానా ఎక్కువగానా అని రాస్తారు. అంతే. ఒక్కడి రాతకు విలువ ఏముంటుందని అనిపించవచ్చు. కానీ వేలమంది పిల్లల రాతలు ఏళ్ల తరబడి ఒకచోట చేరితే, మామిడి ఎప్పుడు పూస్తోంది, రేల ముందే పూసేస్తోందా, వానలు అటూ ఇటూ అయితే చెట్లు ఏం చేస్తున్నాయి అన్నది పెద్ద శాస్త్రవేత్తలకు కూడా అప్పుడే తెలుస్తుంది. అన్ని ఊళ్లలో అన్ని చెట్ల దగ్గర నిలబడటానికి శాస్త్రవేత్తలు ఎక్కడ సరిపోతారు? పిల్లలైతే సరిపోతారు.

వెళ్లేటప్పుడు జాగ్రత్తలు నాలుగే. పదిమందికి ఒక పెద్దవారుండాలి. కాళ్లకు బూట్లు, తలకు టోపీ, చేతిలో నీళ్లు ఉండాలి. నెమళ్లకీ, కోతులకీ చిప్సూ బిస్కట్లూ పెట్టకూడదు. రాతిని ఎత్తి కింద పురుగును చూస్తే, ఆ రాతిని ఉన్నది ఉన్నట్టు మెల్లగా తిరిగి పెట్టాలి, అది దాని ఇంటి కప్పు. పరీక్ష పెట్టడం, మార్కులు వేయడం ఆ రోజుకు వద్దు టీచర్లూ. తిరిగి వచ్చాక ప్రతి పిల్లా, పిల్లవాడూ తాము కొత్తగా చూసినది ఒకటి, తమకు అర్థం కానిది ఒకటి చెబితే చాలు. అర్థం కానిది నల్లబల్ల మీద రాసి వచ్చే వారం దాకా చెరపకుండా ఉంచండి.

మీరు ఎంచుకున్న చెట్టు పక్కనే ఓ ఏడాది గడిచిందనుకోండి. దాని మీద ఏ కొమ్మన కాకి గూడు పెట్టిందో, ఏ తొర్రలో చిలకలున్నాయో, బెరడు పగుళ్లలో ఏ చీమల బారు నడుస్తోందో, ఏ వారంలో తొలి మొగ్గ వేసిందో అన్నీ మీ నోటు పుస్తకంలో ఉంటాయి. రేపు మీరు పెద్దయ్యాక, రోడ్డు వెడల్పు కోసమో ఇంకో కట్టడం కోసమో అలాంటి చెట్టును తీసేయాలన్న కాగితం మీ ముందుకు రావచ్చు. సంతకం పెట్టే కుర్చీలో మీరే ఉండవచ్చు. ఆ రోజు మీకది వట్టి ఓ చెట్టుగా కనిపించదు, అందులో కాపురం ఉంటున్నవాళ్లందరూ పేరుపేరునా గుర్తొస్తారు. అందుకోసమే మిమ్మల్ని పార్కుకు వెళ్లమంటున్నాను.